తిరగేసిన దుప్పటి

జేబు పల్చగా ఉన్నవాళ్లు ఆ ఊళ్లో దిగాలంటే ఒకటే లాడ్జి అని బస్టాండులో ఎవరినడిగినా చెప్పేవారు. దానికి లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ఎదురొస్తుంది. కుళాయి తిప్పితే నీళ్లకంటే ముందు దగ్గు వినిపిస్తుంది. అయినా పరీక్షలు రాయడానికొచ్చిన కుర్రాళ్లు, ఆసుపత్రి పని మీదొచ్చిన సంసారులు, సంచీలో శాంపిళ్లు వేసుకు తిరిగే సేల్స్ మనుషులు దాన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. గది తలుపు తీయగానే మంచం మీద తెల్లటి దుప్పటి, ముడతన్నది లేకుండా, నాలుగు మూలలా బిగించి కనిపించేది. అది చూడగానే సగం అలసట తీరిపోయేది. మిగతా సగం సంగతి దోమలు చూసుకునేవి.

ఆ పక్కలు వేసే మనిషిని అందరూ దుప్పటాయన అనేవారు. అసలు పేరు ఓనరు కూడా మర్చిపోయాడు. తను వేసిన పక్క మీద ఎవరైనా పెట్టె పెడితే అతనికి ప్రాణం పోయినట్టుండేది. "పెట్టెకి కింద బోలెడు చోటుంది సార్, దాన్ని పడుకోబెట్టక్కర్లేదు" అని నవ్వుతూనే దించేసేవాడు. వెళ్లేముందు చాలామంది అతని భుజం తట్టి, ఇంత అద్దెకి ఇంత శుభ్రం ఇంకెక్కడా చూడలేదనేవారు. అతను తల దించుకునేవాడు. వాళ్లు దాన్ని వినయమనుకునేవారు.

పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఆ మంచాలని చూసే పుట్టిందేమో. గది ఖాళీ అయిన ప్రతిసారీ దుప్పటి లాండ్రీకి వేస్తే తనకేం మిగలదని ఓనరు ఏడుపు. దుప్పటికి రెండు వైపులెందుకున్నాయో కాస్త ఆలోచించమని ఒకనాడు సలహా ఇచ్చాడు. దుప్పటాయన ఆలోచించాడు. ఆలోచించి ఊరుకుంటే బాగుండేది, అందులో ఆరితేరాడు. వాడిన దుప్పటి దులిపి, తిరగేసి, నీళ్లు చిలకరించి, మరిగిన నీళ్లు పోసిన ఇత్తడి చెంబుతో బరువుగా రుద్దేవాడు. చిటికెడు పౌడరు చల్లేవాడు. మడత పెట్టి బీరువాలో ఉంచి, దిగేవాళ్ల ముందే ఆ మడత విప్పి పరిచేవాడు. ఇప్పుడే లాండ్రీ నుంచి వచ్చిందనుకుని వాళ్లు మురిసిపోయేవారు. తను మాత్రం ఆ మంచాల మీద ఎన్నడూ నడుం వాల్చలేదు. ఎందుకని అడిగితే, నౌకరు నౌకరులా ఉండాలనేవాడు. ఆ అబద్ధం చెప్పినప్పుడల్లా చెవులు వేడెక్కేవి.

అతనికి ఒకే అక్క. బస్సులో పూటంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో ఉంటుంది. తల్లి పోయాక నలుగురిళ్లల్లో బట్టలుతికి అతన్ని పెంచింది. ఇప్పుడు ఆవిడకి అతనే గొప్ప. వాళ్ల వీధిలో ఎవరు ప్రయాణం కట్టినా గుమ్మం దగ్గరే ఆపి, "మా తమ్ముడి లాడ్జిలో దిగండి, పక్కలు పాలలా ఉంటాయి" అని పంపేది. పాపం, ఆవిడ మాట మీద చాలామందే వచ్చారు.

ఆ అక్కే బావకి కంటి ఆపరేషన్ చేయించడానికి వచ్చింది. బావని ఆసుపత్రిలో చేర్చుకుని, ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే అన్నారు. అయ్యాక, కట్టు విప్పేదాకా ఒక రోజు దగ్గర్లోనే ఉండమన్నారు. ఉతికిన దుప్పటి, ఉతికిన గలీబు లేకుండా తల వాల్చనివ్వకూడదని డాక్టరు మరీ మరీ చెప్పింది. దుప్పటాయన పక్కనే నిలబడి విన్నాడు.

"నేనుండగా నీకెందుకక్కా భయం?" అన్నాడు.

అన్నట్టే లాండ్రీ నుంచి వచ్చిన వాటిలో మంచి దుప్పటి, గలీబులు ఏరి బీరువా పై అరలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఒక పక్క నిజాయితీగా వేయబోతున్నానని లోపల్లోపల సంబరపడ్డాడు కూడా. కానీ ఆ సాయంత్రమే పరీక్షల కుర్రాళ్లు మందలా వచ్చిపడ్డారు. హడావిడిలో చెంబుతో రుద్దినవి కొన్ని అదే అరలో చేరాయి. మర్నాడు పొద్దున బీరువా తీసి, అన్నిట్లోకీ తెల్లగా, మడత పదునుగా ఉన్నవి చూసి, ఇవే ఉతికినవనుకున్నాడు. వాటినే అక్కకోసం పరిచాడు.

ఆపరేషనయ్యాక మధ్యాహ్నం బావని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. బావ సరదా మనిషి. "ఒంటికన్నుతోనే ఇంత బాగుందంటే, రెండోది కూడా తెరిచాక అద్దె పెంచేస్తారేమోరా బావమరిదీ" అన్నాడు. దుప్పటాయన గది తలుపు తీసి పక్క చూపించాడు.

"చూశావా అక్కా?"

"చూశానురా" అంది అక్క. ఆవిడ కళ్లు చెమర్చాయి.

అతను టీ తేవడానికి కిందికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మంచం మీద పరుపు తప్ప ఏమీ లేదు. బాత్‌రూంలోంచి చప్పుడు. అక్క చీర ఎగదోపి, ఒళ్లు రుద్దుకునే సబ్బుతో దుప్పటి ఉతుకుతోంది.

"అక్కా, ఏంటిది?"

"అరవకు. మీ ఓనరు వింటే నీకు మాటొస్తుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకు. మీకు బట్టలుతికేవాడు మోసగాడురా. ఇది ఉతకనేలేదు. ఊరికే ఇస్త్రీ చేసి పంపాడు. ఉతికిన గుడ్డకి సబ్బు వాసనుంటుంది, లేదా ఎండ వాసనుంటుంది. దీనికి మనిషి వాసనుంది. గలీబు తిరగేస్తే ఎవరిదో తలనూనె. నీకేం తెలుసు పాపం, తెల్లగా ఉంటే ఉతికాడనే అనుకుంటావు."

దుప్పటాయనకి తల కొట్టేసినట్టయింది. బీరువా పై అర కళ్లముందు తిరిగింది. తన పనితనం తననే మోసం చేసిందని అర్థమైంది. తేలు కుట్టిన దొంగలా టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు.

అదే సమయానికి లాండ్రీ పెద్దాయన మూట భుజాన వేసుకుని మెట్లెక్కి రావాలా? వచ్చాడు. అక్క తడి చేతులతోనే వరండాలోకి దూసుకెళ్లింది.

"ఏమయ్యా, నువ్వేనా ఉతికేది? ఉతక్కుండా డబ్బులు తీసుకోడానికి సిగ్గులేదూ? నేనూ ఉతికి బతికినదాన్నే. లోపల ఆపరేషనైన మనిషున్నాడు. ఆయన కంటికేమైనా అయితే ఎవరిది పాపం? నోట్లో నాలుక లేనివాడని మా తమ్ముణ్ణి ఆడిస్తున్నావా?"

పెద్దాయన మూట దించాడు. గదులన్నీ నిండినా తన దగ్గరికి సగం దుప్పట్లే ఎందుకొస్తున్నాయో ఆయనకి ఎప్పటినుంచో తెలుసు. నోరు విప్పితే ఆ సగమూ పోతాయి. అందుకని మాట్లాడలేదు. దుప్పటాయన వైపు ఒక్కసారి చూసి, నేల చూశాడు. ఆ చూపులో కోపమైనా లేదు. ఉంటే దుప్పటాయన భరించేవాడేమో.

"అక్కా, ఆయన్నేం అనకు" అన్నాడు. "ఆ పని చేసింది నేనే."

"నువ్వూరుకో" అంది అక్క. "చిన్నప్పుడూ ఇంతే. వీధిలో ఎవరి కిటికీ అద్దం పగిలినా నేనేనని ఎదురెళ్లి దెబ్బలు తినేవాడివి. ఊళ్లో తప్పులన్నీ నెత్తినేసుకోవడం నీకు పుట్టుకతో వచ్చిన రోగం."

నిజానికి ఆ అద్దాలన్నీ పగలగొట్టింది అతనే. వీధి మొత్తంలో అక్క ఒక్కదానికే ఆ సంగతి తెలియదు. ఇక ఎంత చెప్పినా నమ్మదని అర్థమై, దుప్పటాయన వంటగదికి వెళ్లి చెంబు నిండా మరిగిన నీళ్లు తెచ్చాడు. పక్క గది అప్పుడే ఖాళీ అయింది. మంచం మీద దుప్పటి నలిగి, ఉండలు చుట్టుకుని పడుంది. దాన్ని దులిపి తిరగేశాడు. నీళ్లు చిలకరించాడు. చెంబు ఆనించి రుద్దాడు. కనీసం ఇప్పుడైనా వంకరగా చేద్దామనుకున్నాడు గాని చేతులు వినలేదు. కాసేపటికి దుప్పటి కొత్తగుడ్డలా తయారైంది. గుమ్మంలో నిలబడి అక్క అంతా చూసింది. చేస్తున్నంతసేపూ అతను తలెత్తలేదు. భూమి చీలితే దిగిపోవాలనిపించింది. ఆ గదిలో చీలడానికి సిమెంటు నేల తప్ప ఏముంది?

అక్క వచ్చి దుప్పటి మీద చెయ్యి వేసింది.

"ఇంత కష్టపడేబదులు ఉతికితే అయిపోయేది కదరా" అంది.

అతను చెంబు కింద పెట్టాడు.

"మా వీధి టైలరమ్మ చంటిపిల్లతో వచ్చింది. తనకీ ఇదేనా?"

"అవునక్కా."

"నా మాట మీద వచ్చిందిరా ఆవిడ."

అక్క తిట్టి ఉంటే కాళ్ల మీద పడి ఏడ్చేవాడు. ఆవిడ వరండాలోకి నడిచి, కొంగుతో చేతులు తుడుచుకుని, లాండ్రీ పెద్దాయనకి రెండు చేతులూ జోడించింది.

"తొందరపడి నోరు జారాను. మనసులో పెట్టుకోకండి."

"అయ్యో, అంత మాటెందుకమ్మా" అని ఆయన కంగారుగా మూట విప్పాడు. "ఇవిగో, పొద్దున ఉతికి ఆరేసినవే. అయ్యగారికి ఇవి వెయ్యండి."

అక్క దుప్పటి అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, తలూపింది. దుప్పటాయన గబగబా ముందుకొచ్చి చేతులు చాచాడు. ఇన్నేళ్లుగా ఆ లాడ్జిలో ఇంకొకరు పక్క వేయగా అతను చూసి ఎరగడు. అక్క అతని పక్కనుంచే గదిలోకి వెళ్లి తనే పరిచింది. మూలలు సరిగ్గా కుదరలేదు. మధ్యలో పెద్ద ముడత మిగిలిపోయింది. అది సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బావ గోడవతల మాటలన్నీ విన్నాడు. కుర్చీలోంచి లేచి, తడుముకుంటూ వచ్చి, మంచం పట్టె మీద చెయ్యేసి ఆగాడు. ఈసారి హాస్యమాడలేదు.

"ఎవరు ఉతికారే?" అనడిగాడు.

"బయటున్న పెద్దాయన."

"వేసిందెవరు?"

"నేనే" అంది అక్క.

"సరే" అని బావ పడుకున్నాడు.