అడగని రెండు కుట్లు

చీమకుర్తి రోడ్డు మీద మా కొట్టు బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది. "మా కుట్టు ఊడదు." నాన్న రాయించిన మాట అది. లారీల మీద కప్పే టార్పాలిన్లు, ట్రాక్టరు సీట్లు, కల్లాల్లో మిరపకాయల కింద పరిచే పట్టాలు, ఏది కుట్టినా గుడ్డ చిరగాలి గానీ కుట్టు ఊడకూడదనేవాడు. ఆయన పోయాక మిషనుతో పాటు ఆ పొగరు కూడా నాకే వచ్చింది.

ఆ పొగరుతో ఒక మనిషి ప్రాణం తీసినంత పని చేశాను. ఆయన బతికి బయటపడ్డాక మూడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను. మొదటిది పొరపాటు అనుకోవచ్చు. రెండోదాన్ని ఏమంటారో నాకు తెలుసు, రాయడానికే చెయ్యి రావడం లేదు.

ఆయన గజ ఈతగాడు. సింగరాయకొండ అవతల సముద్రం ఒడ్డున పుట్టి, హార్బరులో నీళ్ల అడుగున పనిచేయడం నేర్చుకుని, పెళ్లయ్యాక ఇటు వచ్చేశాడు. మా దగ్గర గ్రానైటు క్వారీ గుంటల్లో నీళ్లు చేరతాయి. అవి తోడే మోటార్లు తాడు తెగి పడిపోతే, దిగి మళ్లీ తాడు కట్టేది ఆయనే. నేను బాబాయ్ అనేదాన్ని. మొదటిసారి వచ్చి జాకెట్టు బాగుచేయాలమ్మాయ్ అంటే, రవికలు ఇక్కడ కుట్టం అని కసిరాను. పగలబడి నవ్వి, సంచిలోంచి నల్లటి బరువైన కోటులాంటిది తీసి బల్ల మీద పెట్టాడు.

దాని సంగతంతా ఆయనే చెప్పాడు. అది గాలి నింపుకునే జాకెట్టు. మీట నొక్కితే వీపున ఉన్న సిలిండరులోంచి గాలి వచ్చి మనిషిని తేలుస్తుంది. కిందికి దిగాలంటే మాత్రం బరువు కావాలి. వెనకటికి సీసం దిమ్మలు బెల్టుకి గుచ్చి నడుముకి కట్టుకునేవారట. దీంట్లో ఆ బరువు జాకెట్టులోనే ఉంటుంది. నడుముకి అటొకటి ఇటొకటి అరలు, ఒక్కో అరలో జిప్పున్న సంచి, సంచిలో సీసం. సంచి జారకుండా వెల్క్రో పట్టీ, అదే అదిమితే అంటుకుని లాగితే ఊడే పట్టీ, పట్టుకుంటుంది, బయటికి ఒక పిడి వేలాడుతుంది. ప్రాణం మీదికొస్తే ఆ పిడి లాగాలి. సంచి సీసంతో సహా ఊడి అడుక్కి పోతుంది, మనిషి పైకి వస్తాడు.

కుడివైపు అరలో వెల్క్రో బురదకి అరిగిపోయింది. లోతులో ఉండగా సంచి జారిపోతే మనిషి బెండులా ఒక్కసారిగా పైకి తన్నుకొస్తాడట, ఊపిరితిత్తులు తట్టుకోలేవట.

"దానంతటది జారకూడదమ్మాయ్. లాగితే మాత్రం రావాలి," అన్నాడు.

నేను మొదటి సగమే విన్నాను. కొత్త వెల్క్రో వేశాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ లాగి చూస్తే చర్రుమని ఊడొచ్చింది, నాకు నామోషీ అనిపించింది. నాన్న చూస్తే నవ్వడా అనుకుని, దబ్బనం తీసి, టార్పాలిన్లకి వాడే నల్ల నైలాన్ దారంతో సంచి మూలని అరకి కలిపి రెండు కుట్లు వేశాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టాను, పైగా మంచిపని చేశాననుకున్నాను.

తీసుకెళ్లేటప్పుడు అంతా సరిగ్గా ఉందా అని అడిగాడు. బయట లారీ డ్రైవరు టార్పాలిన్ కోసం హారన్ కొడుతున్నాడు. బోర్డు చదవలేదా బాబాయ్ అన్నాను. నవ్వుతూ వెళ్లిపోయాడు. సంచి బయటికి తీయకుండానే జిప్పులోంచి సీసం వేసుకోవచ్చు, అందుకే ఆయనకి అనుమానం రాలేదు. ఒడ్డున ఒకసారి లాగి చూసుకోవాల్సింది. నన్ను నమ్మి చూసుకోలేదు.

నాలుగోరోజు మళ్లీ వచ్చాడు. కళ్లు నెత్తురు గడ్డల్లా ఉన్నాయి. గుంట అడుగున మోటారుకి తాడు కడుతుంటే, జాకెట్టుకి గాలి వెళ్లే గొట్టం కేబులుకి తగులుకుని ఊడిపోయిందట. సిలిండరు కూడా అడుగంటుతోంది. రెండు పిడులూ లాగాడు. ఎడమది వచ్చింది, కుడిది రాలేదు. బరువు ఒక పక్కకే ఉండి ఒరిగిపోయి, బండకి ఆనుకుని కొట్టుకుంటుంటే, నడుముకి కట్టిన తాడు అదరడం చూసి పైనున్నవాళ్లు లాగేశారు. ఒడ్డుకి చేరేసరికి తెలివి లేదట.

ఎడమ సంచి గుంటలోనే పోయింది కాబట్టి, కుడిదాని కొలతలతో కొత్తది కుట్టమన్నాడు. కుడి పిడి కూడా పెద్దది చేయమన్నాడు.

"కుడిచేతిలో పట్టు పోయిందమ్మాయ్. ఎడంచేత్తో లాగితే వచ్చింది, దీంతో రాలేదు," అని ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

కొలత కోసం సంచి తీయబోయాను. రాలేదు. మడత విప్పి చూస్తే నా రెండు కుట్లు. ఒక మనిషి ప్రాణభయంతో బలమంతా పెట్టి లాగినా పోగు కూడా లేవలేదు. ఆయన బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా బ్లేడుతో రెండూ కోసేసి, దారం ముక్కలు పిడికిట్లో దాచుకున్నాను. చెబుదామని రెండుసార్లు తలెత్తాను. బోర్డు గుర్తొచ్చింది, ఊరు నవ్వుతుందని గుర్తొచ్చింది. ఆయన కంటే నాకు బోర్డు మీది ఆ మూడు మాటలే ఎక్కువయ్యాయి. సిగ్గులేనిదాన్ని, జాగ్రత్త బాబాయ్ అని కూడా అన్నాను.

ఆయన మళ్లీ దిగలేదు. పట్టులేని చేత్తో దిగడం భయమని, ఒక గ్రానైటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. అటు వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. గేటు ఎడంచేత్తో తీసేవాడు. తీరిక దొరికితే కుడిచేతికి తైలం రాసుకునేవాడు. పట్టు పోయిందని అందరికీ చెప్పి తనే నవ్వేవాడు. నేను తల తిప్పుకుని వెళ్లిపోయేదాన్ని.

ఈ ఏడు మిరప కోతలప్పుడు పట్టాల పనిలో తలమునకలుగా ఉంటే ఆయన బావమరిది వచ్చాడు. ఇప్పుడు గుంటల్లో దిగేది అతనే. చేతిలో అదే జాకెట్టు, మళ్లీ అరిగిన వెల్క్రో.

"మా బావ నీ దగ్గరే వేయించమన్నాడక్కా. నీ కుట్టు ఊడదంట కదా," అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. వెల్క్రో ఒక్కటే వేశాను. సంచి నిండా సీసం పెట్టించి, జాకెట్టు అతనికి తొడిగించి, ఒంటిచేత్తో లాగమన్నాను. చర్రుమని ఊడి నా కాళ్ల దగ్గర పడింది. పదిసార్లు లాగించాను. దిగే ప్రతిసారీ ఒడ్డున ఇలా చూసుకోమని, ఎవరి కుట్టునీ నమ్మొద్దని, నాది అసలే నమ్మొద్దని చెప్పాను. అతను నన్ను వింతగా చూసి వెళ్లిపోయాడు. నేను షట్టరు దించి ఫ్యాక్టరీకి నడిచాను.

బాబాయ్ గేటు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లోపల రాళ్లు కోసే రంపాల రొదలో గొంతు పెంచితే తప్ప వినిపించదు. మూడేళ్లు గొంతు దాటని మాటని నడిరోడ్డు మీద అరిచి చెప్పాల్సి వచ్చింది. దబ్బనం సంగతి, నల్ల దారం సంగతి, బ్లేడు సంగతి, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే వెళ్లాను.

ఆయన నా మొహం వైపు చూడనే లేదు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్లు ముడిచాడు, తెరిచాడు, మళ్లీ ముడిచాడు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందంటావా?" అన్నాడు.

ఉంది బాబాయ్ అన్నాను. అంతలో ఒక లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఆయన లేచి వెళ్లి కుడిచేత్తో గేటు తీశాడు.