గుంటలో కాళ్లు

మగ్గం గదిలో నాన్న, అమ్మ, వదిన, నేను. మా గుంట మగ్గం, దాని మీద సగంలో ఆగిన ఎర్రంచు చీర, గోడకు ఆనించిన నా చేతికర్ర. చూపు ఆనక నాన్న నేత మానేశాడు. అన్నయ్య బెజవాడలో బట్టల కొట్టు గుమాస్తా. నేనూ నేయలేకపోతే మగ్గం విప్పేయాలని అనుకున్నారు.

"దిగరా," అన్నాడు నాన్న.

గుంట మోకాలి లోతు. పారిశ్రామిక పాఠశాలలో దాని పటం స్కేలుకు గీసినవాణ్ణి. అంత లోతులో ఎవరూ పూడుకుపోరని తెలుసు. అయినా గట్టు మీద కూర్చున్నానే గాని కాళ్లు లోపల పెట్టలేకపోయాను.

బర్మా సరిహద్దులో నేను సైన్యంలో డ్రెస్సర్ని, గాయాలకు కట్లు కట్టేవాణ్ణి. ఒక సిపాయికి తొడలో రక్తనాళం తెగితే ట్రెంచిలో కూర్చుని పిడికిలితో అదిమి పట్టాను. షెల్లు పడి గట్టు కూలింది. మట్టి, దుంగలు నన్ను నడుం దాకా కప్పేశాయి. కాళ్లు లాక్కోవాలంటే చెయ్యి తీయాలి. తీయలేదు. తవ్వేసరికి అతను బతికే ఉన్నాడు. నా ఎడమకాలికి మోకాలి కింద స్పర్శ పోయింది.

మగ్గం దగ్గరా కూర్చోవడం అలాగే. కాళ్లు భూమిలో, చేతులు పైన పనిలో.

చివరికి దిగాను. ఎడమపాదం తొక్కుడు చెక్క మీద ఉందో, నేల మీద ఉందో తెలియలేదు. వంగి చూద్దామంటే చీరే అడ్డం. చెక్క తొక్కితే విడే పోగుల మధ్యకు నాడె వేశాను. పోగు తప్పింది. మళ్లీ వేశాను, మళ్లీ తప్పింది.

"ఆ కాలు చెప్పకపోతే చెక్కే చెబుతుంది, ఉండండి మరిదిగారూ," అని వదిన తన కూతురి పాత గజ్జెలు తెచ్చి ఎడమ చెక్కకు కట్టింది.

తొక్కితే ఘల్లుమంది.

"కూచిపూడివాళ్లు వింటే వేషం ఇస్తారు నాయనా," అంది అమ్మ.

"మరి కుడిదానికో?" అన్నాడు నాన్న.

"ఆ కాలు మరిదిగారి మాట వింటుందిగా, మావయ్యగారూ!"

నాన్న మగ్గం పక్కకు జరిగి చెవి ఒగ్గాడు. "మోగలేదు, ఆగు... ఆ, ఇప్పుడు వెయ్యి." ఊపిరి అందేది కాదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. లేస్తానన్న మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా నాన్న "తొక్కు" అనేవాడు.

దీపాల వేళకు వదిన చెయ్యిచ్చి పైకి లాగింది. మగ్గం విప్పే మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ నేత కొలిచింది.

జానెడు.