కుట్టు విప్పిన నవల

ఆమెను ఊళ్లో అందరూ ష్ష్ మేడమ్ అంటారు. అసలు పేరు లేక కాదు, దానితో ఎవరికీ పని పడలేదు, అంతే. గ్రంథాలయంలో అడుగుపెట్టిన వాళ్లకి ముందు వినిపించేది ఆమె మాట కాదు, పెదాల మీద వేలు పెట్టి ఆమె చేసే ఆ శబ్దం. దగ్గు వచ్చినవాళ్లు కూడా ఒకసారి ఆమె వైపు చూసి, అనుమతి దొరికినట్టనిపిస్తేనే దగ్గేవారు. ఇంట్లో కుక్కరు కూత పెట్టినా మా కోడలు ష్ష్ అంటుందని అత్తగారు వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వేది.

ఇక పుస్తకం అంచు మడిచినవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. సెలూన్ నడిపే ఆయన ఒకసారి గుర్తు కోసం పేజీల మధ్య దువ్వెన పెట్టి, అది తీయడం మరిచి పుస్తకం తిరిగిచ్చాడు. ఆమె ఆ దువ్వెనను రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి ఆయన చేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అని ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

ఇంత చండశాసనురాలి దగ్గరకి జనం ఎందుకొచ్చేవారంటే, కొత్త నవల సాయంత్రం కోసం. నెలలో చివరి శనివారం హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి, ఆ నెల వచ్చిన కొత్త నవలను ఆమె పరిచయం చేసేది. తను పూర్తిగా చదవని పుస్తకం గురించి ఏనాడూ నోరు విప్పలేదు. గొప్ప పుస్తకం, తప్పక చదవండి లాంటి మాటలు ఆమె దగ్గర ఉండవు. కథ ఎత్తుకునేది. ఎవరు, ఎక్కడ, ఏం ఇబ్బందిలో పడ్డారు అని చెప్పుకుంటూ పోయి, వినేవాళ్లు కుర్చీ అంచుకి జరిగిన క్షణంలో చటుక్కున పుస్తకం మూసేసేది. "తర్వాతేమైందో ఇందులో ఉంది" అనేది. హాలంతా ఒక్కసారిగా ఉసూరుమనేది. ఆ ఒక్క చప్పుడుకి మాత్రం ఆమె ష్ష్ అనేది కాదు. ఆమెకి అదే జీతం, మిగతాది ఇంటి ఖర్చులకి.

ఒకప్పుడు కొత్త నవల ఏదొచ్చినా నాలుగైదు ప్రతులు వచ్చేవి. తర్వాత పైవాళ్లు చెయ్యి బిగించారు. నెలకో నవల, నవలకో ప్రతి అన్నారు. ఆ ఒక్క ప్రతినీ రిటైరైన హెడ్మాస్టరు గారు, ముందు కూర్చుంటారు కాబట్టి, ముందే అందుకునేవారు. ఆయన చదువు నిదానం. ఆయన దగ్గర్నుంచి పుస్తకం బయటపడేసరికి మిగతావాళ్లు కథ ఎక్కడ ఆగిందో కూడా మరిచిపోయేవారు. కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. చివరికి ఆసుపత్రి నర్సమ్మ మొహమాటం లేకుండా అనేసింది.

"మీరు ఆకలి పుట్టించి వట్టి చేతుల్తో పంపేస్తున్నారు మేడమ్. దానికంటే రాకపోవడమే నయం కదా?"

ఆ మాటకే ఆమెకి నిద్ర పట్టలేదనుకుంటే, వారం తిరక్కుండా పైనుంచి కాగితమొచ్చింది. పెద్దవాళ్లు నవలలు చదవడం మానేశారట. కొత్త నవలలు కొనడం దండగట. హాలు పాత దస్త్రాలు పెట్టుకోవడానికి కావాలట. త్వరలో అధికారి వచ్చి చూస్తారు, నవల ఎవరూ చదవకుండా పడి ఉందని తేలితే కొత్త నవలలూ ఉండవు, సాయంత్రమూ ఉండదు. మర్యాదగా రాశారు గానీ సారాంశం ఇది. ఆమె ఆ కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. హాలు నిండా దుమ్ము పట్టిన కట్టలు పేర్చి ఉన్నట్టు ఊహించుకుని, లేచి వెళ్లి ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి తుడిచింది.

దారి ఇంట్లోనే దొరికింది. వాళ్లింటికి ఒకటే దినపత్రిక వస్తుంది. పొద్దున్నే భర్త ఆటల పేజీ లాక్కుంటాడు, అత్తగారు మొదటి పేజీ, పక్క వాటాలో ఉండే మరిది మధ్య పేజీలు. చదివింది చదివినట్టు ఒకరి చేతిలోంచి ఒకరు గుంజుకుంటూ, కాఫీ చల్లారేలోగా ముగ్గురూ మొత్తం పత్రిక పూర్తి చేస్తారు. ఏళ్ల తరబడి ఆ రభసను ష్ష్ అంటూ భరించిన మనిషి ఆ పూట మాత్రం గరిటె చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

మరిది బైండింగు పని చేస్తాడు. మధ్యాహ్నం ఆమె కొత్త నవల సంచిలో పెట్టుకుని అతని దుకాణానికి వెళ్లి, దీన్ని ఆరు ముక్కలు చెయ్యమంది. అతను జిగురు చేతుల్తోనే లేచి నిలబడ్డాడు.

"వదినా, ఈ మాట అంటోంది నువ్వేనా?"

"నేనే. త్వరగా కానివ్వు, మళ్లీ మనసు మారుతుంది."

అతను పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొయ్యక్కర్లేదు, విప్పితే చాలు. ఇది ఫారాలుగా, అంటే కొన్నేసి పేజీల మడతలుగా కుట్టిన పుస్తకం. మధ్యలో దారం తెంపితే కాగితానికి గీత కూడా పడదు. కావాలన్నప్పుడు మళ్లీ కుట్టిస్తా."

దారం తెగుతున్నంత సేపూ ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. ఒక్కో భాగానికీ పల్చటి అట్ట వేసి, పైన పెద్ద అంకె రాసి అతను చేతిలో పెట్టాడు. ఆరూ కలిపి ఎత్తితే నవలంత బరువే ఉన్నాయి. ఆమెకెందుకో ఎక్కువనిపించాయి.

ఆ శనివారం ఆమె చెప్పిన కథ ఇది. ఒక నది మీద వంతెన కడుతుంటారు. వంతెన పూర్తయితే అక్కడ పడవ నడిపేవాడి బతుకు తెరువు పోతుంది. కానీ వంతెన కట్టే ఇంజనీరుని రోజూ అవతలి ఒడ్డుకి చేర్చాల్సింది ఆ పడవవాడే. ఒకరోజు నది మధ్యలో పడవ ఆపేసి, తెడ్డు ఒళ్లో పెట్టుకుంటాడు. ఆమె పుస్తకం మూయడానికి చూసుకుంటే మూయడానికి పుస్తకం లేదు, చేతిలో మొదటి భాగం మాత్రమే ఉంది. దాన్ని హెడ్మాస్టరు గారికిచ్చి, ఇది చదివి సెలూన్ ఆయనకిచ్చేయండి, రెండోది పట్టుకెళ్లండి అని చెప్పింది. ఆయన వెనక సెలూన్ ఆయన, ఆ వెనక నర్సమ్మ, ఇంట్లో అత్తగారు, అలా రైలు పెట్టెల్లా నవల కదిలింది. వెనక వాళ్లు తరుముతుంటే హెడ్మాస్టరు గారి చదువుకి కూడా వేగమొచ్చింది.

అడ్డం పడింది ఇస్త్రీ ఆవిడ దగ్గర. వీధి మలుపులో బండి పెట్టుకుని బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే ఆవిడ, చీరలు ఇవ్వడానికొచ్చి నవల సంగతి విని, నాకూ ఇవ్వమంది. ఆ సమయానికి అయిదో భాగమొక్కటే అరలో ఉంది. నిప్పులూ నీళ్లూ ఉండేచోటికి కాగితం పంపడమేమిటని మేడమ్ మనసు పీకింది. ఆ మాట పైకి అనలేక, మొదలు తెలియకుండా మధ్యలో ఎలా చదువుతావంది.

ఇస్త్రీ ఆవిడ నవ్వింది. "నా బండి దగ్గరకొచ్చే వాళ్ల కథలన్నీ మొదట్నుంచీ తెలుసా మేడమ్ నాకు? మధ్యలో చెబుతారు, మధ్యలో వెళ్లిపోతారు. ఏదుంటే అదివ్వండి."

ఇచ్చింది. తర్వాత అయిదో భాగం జాడ లేదు. నాలుగు పూర్తిచేసిన సెలూన్ ఆయన వచ్చి వచ్చి పోతున్నాడు. అడిగించినప్పుడల్లా ఇంకొంచెం ఉందనే కబురు. ఇంతలో మళ్లీ చివరి శనివారం వచ్చింది, దానితోపాటు మధ్యాహ్నం పూట అధికారీ వచ్చాడు.

బక్కపల్చటి మనిషి. చేతిసంచి ఒళ్లోంచి దించకుండా కూర్చుని, ఈమధ్య వచ్చిన కొత్త నవల చూపించమన్నాడు. అబద్ధం ఆమెకి చేతకాదు. కుట్టు విప్పించానని, భాగాలు ఊళ్లో తలో చోటా ఉన్నాయని, ఇప్పుడు తన దగ్గరున్నది మొదటిదొక్కటేనని చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. సాయంత్రం మూసే వేళకి నవల మొత్తం ఈ బల్ల మీద ఉండాలన్నాడు. లేకపోతే గ్రంథాలయం సొత్తు పాడుచేశారని మీ మీద రాస్తాను, ఈ సాయంత్రాలూ ఇంతటితో సరి అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమె భాగాలున్న వాళ్లందరికీ, మరిదికీ కబురు పంపింది.

మొదటి భాగాన్ని ఆయన ముందు పెట్టింది. ఎక్కడ చిరిగిందో చూద్దామన్నట్టు ఆయన ఒక్కో కాగితం తిప్పసాగాడు. కాసేపటికి తిప్పడం నెమ్మదించింది. ఆ గాభరాలో ఆమె అది గమనించలేదు.

మరిది సూదీ దారం పట్టుకుని వచ్చి ఒక మూల కూర్చున్నాడు. రెండో భాగం చంకలో పెట్టుకుని అత్తగారు వచ్చింది. కోడలు పనిచేసే చోట ఆవిడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. వస్తూనే, ఇందులో ఆ ఇంజనీరు తల్లి అచ్చం మా పెద్దాడపడుచేనని మొదలుపెట్టబోయి, కోడలి మొహం చూసి ఊరుకుంది. నర్సమ్మ మూడో భాగాన్ని ఉతికిన దిండు గలేబులో పెట్టి తెచ్చింది. సెలూన్ ఆయన నాలుగోది తెచ్చి, లోపల దువ్వెన లేదని ముందే తెరిచి చూపించాడు. హెడ్మాస్టరు గారు ఆరో భాగానికి అట్ట మీద ఇంకో అట్ట వేశారు. అన్నీ వరసగా బల్ల మీదకి చేరాయి. నాలుగుకీ ఆరుకీ మధ్య అరచెయ్యంత ఖాళీ మిగిలింది.

మలుపులో ఇస్త్రీ బండి లేదని సెలూన్ ఆయన మెల్లగా చెప్పాడు. మేడమ్ ఆ ఖాళీని చూస్తూ నిలబడింది. తప్పంతా తనదే, నిప్పుల దగ్గరికి కాగితం పంపింది తనే అనుకుంది. గడియారం వైపు చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ఒకరిద్దరి అడుగులు కావవి. తలుపు తోసుకుని ఇస్త్రీ ఆవిడ వచ్చింది, ఆవిడ వెనక బిలబిలమంటూ జనం. వ్యాను డ్రైవరు, ట్యూషన్లు చెప్పే అమ్మాయి, బ్యాంకు కాపలాదారు, మందుల షాపు దంపతులు, మేడమ్ ఏనాడూ చూడని మొహాలు ఇంకెన్నో.

"ఆలస్యమైంది మేడమ్. బండి ఇంటి దగ్గర పెట్టొచ్చాను, వీళ్లు ఒక్కసారి కదిలితేగా" అంటూ ఇస్త్రీ ఆవిడ అయిదో భాగాన్ని ఖాళీలో పెట్టింది.

సంగతేమిటంటే, పని చేస్తున్నంత సేపూ ఆవిడ చేతులు ఖాళీ ఉండవు. అందుకని బట్టలు తీసుకోవడానికొచ్చిన వాళ్ల చేతిలో నవల పెట్టి, ఇక్కడ్నుంచి చదువు, నీ చొక్కా అయ్యేదాకా అనేదట. చొక్కా అయ్యాక కూడా కొందరు కదిలేవారు కాదట. నిన్న చదివిన మనిషి ఇవాళ నలగని బట్టలు తెచ్చేవాడట, తర్వాతేమైందో వినడానికి. ఇప్పుడు వీళ్లందరికీ కథ మధ్యలో తెలుసు, ముందూ వెనకా తెలియదు. అది తెలుసుకోవడానికే వచ్చారు.

మేడమ్ ఆ భాగాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక్క అంచు కూడా మడతపడి లేదు. కొత్త కాగితం కంటే చదునుగా ఉంది.

"అన్ని చేతులు మారేసరికి అంచులు ముడుచుకుపోయాయి. మీకు నచ్చదని తెలుసుగా. పైన గుడ్డ కప్పి ఇస్త్రీ చేశాను" అంది ఆవిడ.

మేడమ్ ఆ భాగాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆరుగురు చదువుతారని ఆరు ముక్కలు చేయించింది. ఒక్క ముక్క, తను నమ్మని ముక్క, వీధి వీధినంతా వెంటబెట్టుకుని వచ్చింది. ఇన్నేళ్లూ పుస్తకాన్ని జనం నుంచి కాపాడుతున్నాననుకుంది. ఇంతమంది కథ కోసం మెట్లెక్కి వస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కుర్చీలు చాలక జనం కిటికీ గట్ల మీద కూర్చున్నారు. పడవవాడికి ఇంజనీరు మీద అంత కోపం దేనికని కాపలాదారు అడిగాడు. హెడ్మాస్టరు గారు మొదట్నుంచీ ఎత్తుకున్నారు. నర్సమ్మ అడ్డుపడి మీరు చెప్పేది తప్పంది. అత్తగారు ఇద్దరిదీ తప్పంది. ఆఖర్న పడవవాడు ఆ వంతెన మీద నడవాలా వద్దా అని డ్రైవరూ ట్యూషన్ అమ్మాయీ వాదులాటకి దిగారు. హాలు సంతలా ఉంది. మేడమ్ వేలు అలవాటుకొద్దీ పెదాల దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"చివరికేం చేశాడో నేను చెబుతా వినండి" అన్నారు హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని.

"ష్ష్."

అందరూ మేడమ్ వైపు చూశారు. ఆమె కాదు. బల్ల చివర, చేతిసంచి కింద పెట్టేసి, పేజీ మీదనుంచి తలెత్తకుండా అధికారి చెయ్యెత్తాడు.

"చివర చెప్పకండి. నేనింకా రెండో భాగంలోనే ఉన్నాను."

మూలన కూర్చున్న మరిది అప్పటికే సూదిలోకి దారమెక్కించాడు. ఆమె అతని వైపు చూసి, వద్దని తలూపింది. మూడో భాగాన్ని దిండు గలేబులోంచి తీసి ఆయన మోచేతి పక్కన పెట్టింది.

"అంచులు మడవకండి సార్" అంది.