రాగి గనుల ఊళ్లో మా పక్కింటక్క

పోయిన మంగళవారం పొద్దున నేను మనవరాలికి జడ వేస్తుంటే, గేటు దగ్గర ఒకాయన నిలబడి "జాంబియాలో ఉండి వచ్చినోళ్ళ ఇల్లు ఇదేనామ్మా?" అని అడిగాడు. మా ఫోను నంబరు దొరక్క, కుప్పం నుంచి మొదటి బస్సుకు మదనపల్లెకు వచ్చిన మనిషి. జాంబియాలో మా పక్కింటక్కకు మరిది. "మా వదిన నిన్న సాయంత్రం పోయిందమ్మా. గుండెనొప్పి అనింది, అంతే" అన్నాడు. సగం అల్లిన జడ నా చేతిలోనే ఉండిపోయింది.

ఆమె నాకు చుట్టం కాదు. డెబ్బైల చివర్లో మా ఆయనకు జాంబియాలో, రాగి గనులుండే ఒక చిన్న ఊళ్లో, లెక్కల టీచరు ఉద్యోగం దొరికింది. పెళ్ళయి ఏడాది తిరక్కముందే పుంగనూరు నుంచి అక్కడికి వెళ్ళాను. టీచర్ల ఇళ్ళ వరసలో మా పక్కిల్లు అక్క వాళ్ళది. ఆమె భర్త అదే స్కూల్లో సైన్సు చెప్పేవారు. వాళ్ళది కుప్పం పక్కన గుడుపల్లె అని తెలిసిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. అది కాస్తా నెలలోపే కుళ్ళుగా మారింది.

మరేం చెప్పమంటారు? ఆ ఊరంతా ఆమెదే అన్నట్టు ఉండేది. నూనె, సబ్బు, చక్కెర ఎప్పుడు వస్తాయో తెలియని కాలమది. వచ్చిన పూటే అయిపోయేవి. రొట్టెల అంగడి మనిషి సైకిలాపి మరీ అక్కకు చెప్పిపోయేవాడు, ఈరోజు నూనె వచ్చిందని. ఇద్దరం పోయి క్యూలో నిలబడేవాళ్ళం. ముందూ వెనకా ఉన్న ఆడవాళ్ళు "ములిశాని?" అని ఆమెను పలకరించేవాళ్ళు, బాగున్నావా అని. అక్క వాళ్ళ మాటల్లోనే జవాబు చెప్పి, వీపున కట్టుకున్న బిడ్డల బుగ్గలు గిల్లేది. పక్కన సంచి పట్టుకుని నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ పట్టేది కాదు.

"యాడికి పోయినా ముందు సంత సూడాలమ్మా, ఇల్లు తర్వాత సర్దుకోవచ్చు" అనేది అక్క. ఆ సంతలోనే ఆమెకు రాగులు దొరికాయి. అక్కడివాళ్ళు వాటితో సారా లాంటిది కాచుకుంటారు. అక్క పిడికెడు తీసి, నోట్లో వేసుకుని నమిలి, అక్కడికక్కడే గంపెడు కొనింది. అమ్మేవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు, ఈ చీరకట్టినమ్మ ఇంట్లో సారా కాస్తుందని. ఆ రాత్రి మా ఇద్దరిళ్ళకూ రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. మా ఆయన రెండు ముద్దలు తిని, "మా అమ్మ చేసినట్టే ఉండాదక్కా" అన్నాడు. అంతవరకూ నా వంటను అట్లా అనలేదు. ఆ సంగటి ముట్టకూడదనుకున్నాను. ఆకలికి తిన్నాననుకోండి.

మా పాప పుట్టాక నా కుళ్ళు ఇంకా ఎక్కువైంది. నా చేతుల్లో గుక్కపట్టి ఏడ్చే పిల్ల, అక్క గొంతు వినపడితే టక్కున ఆపేది. ఒకరోజు పట్టుదల వచ్చింది నాకు. అక్కకు చెప్పకుండా, పాపను వీపున కట్టుకుని, ఒక్కదాన్నే నూనెకు బయల్దేరాను. ఎక్కకూడని బస్సెక్కి, గనుల అవతల ఎక్కడో దిగాను. వాన పట్టుకుంది. నా ఇంగ్లీషు అక్కడెవరికీ అర్థం కాలేదు. చివరికి టమోటాలమ్మే ఒకావిడ నా చీర చూసి, రాగులు నమిలే అభినయం చేసి పకపకా నవ్వింది. అక్క మనిషినని గుర్తుపట్టింది! ఆవిడే మమ్మల్ని బస్సెక్కించి, అక్క గుమ్మంలో దింపిపోయింది. ఆ ఊళ్లో నేను ఇల్లు చేరడానికి కూడా అక్కే కావాల్సొచ్చిందని, తడిసిన ఒళ్ళు భగ్గుమంది.

అక్క మొదట పాపను లాక్కుని తల తుడిచింది. తర్వాత నా మీద విరుచుకుపడింది.

"యాల పోయినావు ఒక్కదానివే? నన్ను పిలిస్తే ఏం పోయింది?"

"అందరికీ నువ్వే కావాల. నేనేమన్నా పనికిరానిదాన్నా?" అన్నాను నేను కూడా.

అక్క తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నా బిడ్డలిద్దరూ మదనపల్లె హాస్టల్లో ఉండారు. ఈడ సదువు కుదర్దని ఆయన ఆడ పెట్నాడు. ఇంట్లో కూసుంటే దిక్కు తోచక సంతలెమ్మట తిరుగుతాండాను. రేతిరి నీ పాప ఏడిస్తే గోడకవతల నాకు వినపడతాది. నువ్వు ఎత్తుకుంటావు, అది ఊరుకుంటాది. నీ మింద ఎంత కుళ్ళుగా ఉంటాదో తెల్సునా నాకు!" అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు నవ్వింది ఆమే.

ఆ తర్వాత నా కుళ్ళు పోయిందని చెప్పను. దారి మార్చుకుందంతే. ఆ ఊళ్లో అంగడి పెట్టుకున్న గుజరాతీ సేటు భార్య అక్కను టీకి పిలిస్తే నాకు మండేది. సంతలో ఎవరైనా ఆమె చెయ్యి పట్టుకుంటే, రెండో చెయ్యి నేను పట్టుకునేదాన్ని. ఎనభైల్లో అందరం తిరిగొచ్చాం. వాళ్ళు గుడుపల్లెకు, మేం మదనపల్లెకు. అనపకాయల కాలంలో అక్క సంచి నిండా కాయలతో మా ఊళ్లో బస్సు దిగేది. "నీకే తెచ్చినానమ్మా" అనేది. దార్లో పుంగనూర్లో దిగి ఇంకో ఇంటికి కూడా ఇచ్చి వచ్చిందని తెలిసి ఒకసారి పూటంతా మాట్లాడలేదు నేను.

ఆ మంగళవారమే అక్క అంత్యక్రియలకు వెళ్ళాను. ఆ రోజు జనంలో ఆమె మొహం కూడా సరిగ్గా కనపడలేదు. రెండ్రోజులాగి, పొద్దున్నే లేచి చిత్రాన్నం, పెరుగన్నం కలిపి క్యారియర్లో పెట్టుకుని మళ్ళీ గుడుపల్లెకు పోయాను. పొయ్యి వెలిగించని ఇల్లు కదా, అక్క పిల్లలు నా చేతి అన్నం తింటారనుకున్నాను.

అరుగు మీద అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె కుప్పంలో కూరగాయలమ్మే మనిషి. ఒకామె తమిళం కలిపి మాట్లాడుతోంది. ఇంకొకామె శాంతిపురం నుంచి వచ్చిందట.

"నువ్వు ఎవురమ్మా?" అంది కూరగాయలామె.

"ఆమె చెల్లెల్ని" అన్నాను.

"మేమూ అంతేలేమ్మా" అని ముగ్గురూ జరిగి నాకు చోటిచ్చారు.

లోపలి నుంచి అక్క కూతురు తలుపు దగ్గరికొచ్చి, ఎవరిది ముందు తీసుకోవాలో తెలియక నిలబడింది. అరుగు మీద నాలుగు క్యారియర్లు, మూతలు తియ్యకుండా. నేను నాదాన్ని కాస్త ముందుకు జరిపాను. పక్కనున్నామె నా వైపు చూడకుండానే తనది కూడా జరిపింది.