దక్షిణానికి తిరిగిన పెన్ను

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, నేను ముట్టుకుంటే ఏ పనైనా చిటికెలో అయిపోతుందని. అది నిజమే. పని చిటికెలో అయ్యేది, దాన్ని సరిచేయడానికే పొద్దు గూకేది. బీకాం పూర్తయి ఉద్యోగం కోసం చూస్తున్న కాలమది. ఖాళీగా ఉండడమెందుకని కేజీఎఫ్‌లో మా చిన్నమామ దగ్గర పనికి చేరాను. మామ ఒకప్పుడు అక్కడి బంగారు గనుల వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసినవాడు. గనులు మూతపడ్డాక ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ పెట్టుకుని కొయ్యపెన్నులు చేసేవాడు. (వంటింటి నుంచి షెడ్డుకు పది అడుగులు వేయడాన్ని కూడా ఆయన 'షిఫ్టుకు దిగడం' అనేవాడు.) ఆయన నునుపు చేసిన కొయ్యగొట్టాల్లో ఒక కొసన లోహపు ములికి, రెండో కొసన తిప్పితే రీఫిల్ బయటికి వచ్చే మర పెట్టి, వైస్‌లో నొక్కి బిగించడం నా పని. ఆయన నాకు పెట్టిన పేరు 'అర్జెంటమ్మ'.

అంతలో మా అక్కకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థం లక్కూరులో, మా అవ్వ ఇంట్లో. గాలివానకు పడిపోయిన అవ్వ తోటలోని మామిడిచెట్టు కొయ్యలో, పురుగు తొలవకుండా మిగిలింది ఒక్క జానెడు ముక్క. దాంతో పెన్ను చేయాలి, ఆ పెన్నుతోనే లగ్నపత్రిక రాయాలి, అని అవ్వ పంతం పట్టింది. దాని వెనక ఇంకో సంగతి ఉంది. జీవితమంతా వేలిముద్ర వేసిన మా అవ్వ, అక్క దగ్గర కూర్చుని పలక మీద తన పేరు రాయడం నేర్చుకుంది. (మేము మాట్లాడేది తెలుగు, బళ్ళో నేర్చేది కన్నడం. కాబట్టి సంతకమూ కన్నడంలోనే.) "వేలికి మసి పూసుకొనింది చాలు. మనవరాలి పత్రికకు నేనే సంతకం చేస్తా" అని ఊరంతా చెప్పుకుంది. ఇంక ఆ పెన్ను చెడితే నా గతేమిటో మీరే ఊహించుకోండి.

నిశ్చితార్థం ముందురోజు మామ ఆ కొయ్యను గొట్టంగా మలిచి, పళ్ళెంలో పెట్టి, "కిటికీ పక్క కొసకు ములికి. మరిచిపోతావేమో, జాగ్రత్తమ్మా. రెండు కొసలూ కంటికి ఒకటే మాదిరి ఉండాయి" అని నాకు అప్పగించి లక్కూరుకు పోయాడు. దీపాలు పెట్టే వేళకు పళ్ళెం వైపు చూశాను. కిటికీ దక్షిణం వైపుంది! మొనదేలిన వస్తువు ఏదీ యముడి దిక్కుకు తిరిగి ఉండకూడదని అవ్వ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. కత్తిపీట అయినా సరే, తిప్పి పెట్టాల్సిందే. పెళ్ళి పెన్ను ములికి దక్షిణానికా? పళ్ళాన్ని చక్కగా ఉత్తరానికి తిప్పి, దండం పెట్టుకుని పడుకున్నాను. పొద్దున లేచి, మామ చెప్పిన మాట తు.చ. తప్పకుండా కిటికీ పక్క కొసకే ములికి పెట్టి వైస్‌ బిగించాను.

వేలితో తడిమితే ములికి పక్కన కొయ్య గట్టులా తగిలింది. అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది పెన్ను. రాత్రి పళ్ళెం తిప్పినప్పుడే కొసలు తారుమారయ్యాయని, లావు కొసన బిగించానని అప్పుడు అర్థమైంది. ఇంకో ముక్క చేద్దామంటే కొయ్య లేదు, అడుగుదామంటే మామ లేడు, రైలుకు వేళవుతోంది. గొట్టాన్ని గుడ్డలో చుట్టి, అటువైపు నుంచి సన్నటి ఇనుప కడ్డీ దూర్చి, సుత్తితో మెల్లగా తట్టాను. ఒక్కో దెబ్బకూ కొయ్య చీలుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. (కళ్ళు మూసుకుని సుత్తి వాడకూడదని నా ఎడమ బొటనవేలు అప్పుడే చెప్పింది.) ఎట్టకేలకు ములికి ఊడింది. దాన్ని సరైన కొసన బిగించాను. కానీ ఊడిన కొస వదులైపోయి, అందులో మర నిలవలేదు. వదులు పూడ్చడానికి దారం కావాలి. చుట్టూ చూస్తే కనబడింది నేను కట్టుకోవలసిన చిలకపచ్చ పట్టుచీర. కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, మరకు చుట్టి, జిగురు పూసి నెట్టాను. జారిందంటే జారింది, అవసరానికి మించి లోపలికి పోయి కూర్చుంది. రీఫిల్ మొన బయటికి వచ్చేసింది, మళ్ళీ లోపలికి పోదు. గట్టిగా తిప్పితే మర ఊడివచ్చి పెన్ను రెండు ముక్కలవుతుంది. శుభకార్యంలో లగ్నపత్రిక రాసే పెన్ను రెండు ముక్కలవడం!

బంగారపేటలో రైలెక్కి మాలూరులో దిగేదాకా, అక్కడి నుంచి ఆటోలో లక్కూరు చేరేదాకా ఆ పెన్నును పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాను. దారిలో టేకల్ స్టేషన్లో ఎవరో ఎక్కి పక్కన కూర్చోబోతే "బిగించింది ఇంకా ఆరలేదండీ" అన్నాను. ఆయన సీటుకు రంగు వేశారనుకున్నాడో ఏమో, నిలబడే వచ్చాడు.

పీటల మీద రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. పురోహితుడు పసుపు రాసిన కాగితం సర్దుకుని, పెన్ను అందుకుని, అలవాటుగా రెండు వేళ్ళతో తిప్పబోయాడు.

"తిప్పొద్దు!" అని అరిచేశాను.

మేళం ఆగిపోయింది. మగపెళ్ళివారి పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. అక్క నన్ను కళ్ళతోనే నమిలేసింది. అప్పుడు అవ్వ అందుకుంది: "మా యింటి పెన్ను అయ్యోరా, ఎప్పుడూ నోరు తెరుచుకొనే ఉంటాది. తిప్పే పనే లేదు. రాయప్పా నువ్వు." అవ్వ నోరెరిగిన వాళ్ళంతా గొల్లున నవ్వారు. పత్రిక రాయడం పూర్తయింది. నేను మాత్రం పురోహితుడి వేళ్ళ మీద నుంచి చూపు తిప్పలేదు.

ఇక అవ్వ వంతు. పలక మీద బలపం నొక్కే అలవాటు కదా, పెన్నును పిడికిట్లో పట్టి అదిమింది. అతుకు దగ్గర కిర్రుమంది. ఒక్కో అక్షరానికీ ఆగుతూ, పేరు మొత్తం రాసి తలెత్తి నన్ను చూసింది.

"ఏమే, నీ మొగమేల అట్ల పాలిపోయింది? రాసింది నేను కదా!"

అప్పుడు చూశాను, అవ్వ నుదుటి మీద కూడా చెమట పట్టి ఉంది. ఆ గదిలో నా అంత భయపడినది ఆమె ఒక్కతే. నాకు ఏడుపొచ్చింది.

భోజనాల దగ్గర మామ పెన్నును వెలుతురులో పెట్టి చూశాడు. అతుకు సందులోంచి చిలకపచ్చ పోగు కొస కనిపిస్తోంది. పెన్నును చూశాడు, నా కొంగును చూశాడు. "ఇంగొక నాలుగు పెన్నులు చెడిపింటే చీరంతా అయిపోయుండునే అర్జెంటమ్మా" అని, విస్తట్లో నాకు ఇంకో ఒబ్బట్టు వేయించాడు.

ఆ తర్వాత నేను ఏ ఆఫీసుకూ పోలేదు. ఇప్పుడు ఆ షెడ్డు నాది. ఎవరెవరో తలకిందులుగా బిగించి పాడుచేసిన పెన్నులు నా దగ్గరికి వస్తాయి, కళ్ళు తెరుచుకునే సుత్తి వాడి వాటిని సరిచేస్తాను. అవ్వ పోయాక ఆ మామిడిపెన్ను కూడా నా దగ్గరికే చేరింది. "దాన్ని మటుకు ఎందుకు రిపేరు చేయవే?" అని అక్క వచ్చినప్పుడల్లా అడుగుతుంది. టీ తాగేంత సేపు చాలు, చేయవచ్చు. ఆ పోగు తీయడానికి చేతులు రావు. ఇప్పటికీ దీపాలు పెట్టే వేళకు పళ్ళెంలో ములికి కొస కిటికీ వైపుంటే, నా చెయ్యి దానంతటదే పళ్ళాన్ని ఉత్తరానికి తిప్పుతుంది. తిప్పి, పక్కన సుద్దముక్కతో 'ములికి ఇటు' అని పెద్దగా రాసి, షిఫ్టు ముగించి నవ్వుకుంటూ ఇంట్లోకి వస్తాను.