తలకు రెండు బిందెలు

ఫిబ్రవరి నెల మొదటి బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. పంచాయతీ ఎన్నికల పోలింగుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. కాలనీ నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని నేను మరుసటి రోజు వంతులు రాసుకుంటున్నాను. ఏడు ఓట్లున్న ఇంటి పెద్దమనిషి వేపపుల్ల నములుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమక్కా, తలకు రెండు బిందెలని ఊరంతా చెప్పుకుంటా తిరుగుతాండారు. మా ఇంట్లో బర్రెలు రెండుండాయి. వాటికి తలకాయల్యాదా?"

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. పుల్ల ఉమ్మేసి, ఈసారి నవ్వకుండా అన్నాడు. "ఆ పక్కోళ్లు మా ఇంటికి ట్యాంకరు తోలిస్తామంటాండారు. మావి ఏడు ఓట్లు. నీకు లెక్కలు బాగా వచ్చు కదా, చూసుకో."

మా ఊరు గార్లదిన్నెకు బస్సులో అరగంట. ఊరి చివరి కాలనీలో నలభై ఒక్క ఇళ్లు, నూట అరవై ఆరు మంది. బోరు నీళ్లు రోజు మార్చి రోజు ఒక ట్యాంకు నిండుతాయి. ట్యాంకు నిండా ఉంటే మూడు వందల ముప్పై మూడు బిందెలు. తలకు రెండు చొప్పున పంచితే ఒక బిందె మిగులుతుంది. దానితో కుళాయి దగ్గర బండలు కడిగేవాళ్లం. నేను అంగన్వాడీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి దిగిపోయిన తర్వాత, కొట్లాటలు చూడలేక, ఈ వంతుల పుస్తకం నేనే మొదలుపెట్టాను. పుస్తకం వచ్చాక నాలుగేళ్లలో కుళాయి దగ్గర ఒక్క బిందె కూడా సొట్టపోలేదు.

సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారని తెలియగానే మా మరిది కూతురు నామినేషన్ వేసింది. బీఈడీ చదివి, ఉద్యోగం రాక, ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెప్పుకునే మనిషి. దుడ్లు పంచను, మందు పోయించను అని ముందే చెప్పింది. ప్రచారానికి ఆమె దగ్గర ఉన్నదల్లా నా పుస్తకం. ఇంటింటికీ తీసుకుపోయి పేజీలు తిప్పి చూపించేది. "కాలనీలో మా పెద్దమ్మ నీళ్లు పంచినట్లే ఊరినంతా నడుపుతాను. మాకు ఓటేసినోళ్లు, వేయనోళ్లు అని ఉండదు. తలకు ఇంత, అంతే." ఆ మాట వింటూ పక్కన నిలబడినప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ల వయసు గుర్తుకొచ్చేది కాదు.

బర్రెల సంగతి ఆ సాయంత్రం ఆమెకు చెప్పాను.

"ఎన్ని బిందెలు కావాలంట?"

"ఆరు."

"యాడనుంచి తెస్తాం పెద్దమ్మా?"

యాడనుంచి అనేది నేనే చూపించాను. ఇది ఎవరి మీదా తోయను. ఓటర్ల జాబితా, నా పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చూస్తే నలభై ఒక్క ఇళ్లలో ఒక్క ఇంటికే ఇక్కడ ఓటు లేదు. కుట్టుమిషన్ పెట్టుకుని బతికే ముస్లిం ఆమె ఇల్లు. భర్త పనికని పోయి తిరిగి రాలేదు. ముగ్గురు ఆడపిల్లలు, పెద్దది పదో తరగతి. ఆమె ఓటు ఇంకా కణేకల్ పక్క పుట్టింటి ఊళ్లోనే ఉంది. నాలుగు తలలు, ఎనిమిది బిందెలు. అందులోంచి ఆరు తీస్తే రెండు.

"పోలింగు దాకా ఆరు దఫాలే కదా పెద్దమ్మా. గెలిచిన మర్నాడే ఎనిమిదీ ఇచ్చేద్దాం," అంది మా పిల్ల. నేను పుస్తకంలో ఎనిమిది కొట్టేసి రెండు రాశాను.

గురువారం కుట్టుమిషన్ ఆమె రెండు బిందెలు పట్టుకుని, మూడోది కుళాయి కింద పెట్టబోయింది. ఆపాను.

"మోటారు తక్కువ పోస్తాంది. కొన్నాళ్లు సర్దుకో."

"అందరికీ తక్కువేనా అక్కా?"

"అందరికీ."

మూడో దఫా నాటికి బర్రెల తొట్టి నిండా నీళ్లు ఆమె కంటబడ్డాయి. ఆమె అరవలేదు. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "నాలుగేండ్లల్లో నీకు లెక్క తప్పింది ల్యాదు. ఇప్పుడు మేము నలుగురం నీకు ఇద్దరిగా కూడా కనపడ్డం ల్యాదా అక్కా?" నేను తలెత్తకుండా తర్వాతి ఇంటిని పిలిచాను.

పోలింగు రోజు ఏడుగురూ వచ్చి ఓటేశారు. మా పిల్ల ఆరు ఓట్లతో గెలిచింది. ఆ ఏడూ అటు పడి ఉంటే ఎనిమిదితో ఓడేది. నోటు పంచకుండా గెలిచిందని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకున్నారు. అది నిజమే. మెడలో దండతో వచ్చి నా కాళ్లకు మొక్కింది.

మర్నాడు పుస్తకం తీసుకుని మా పిల్ల ఇంటికి పోయాను. ఆ ఏడు ఓట్ల ఇంటి పెద్దకొడుకు అదే పోలింగులో వార్డు మెంబరుగా గెలిచాడు. వసారాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆమె నన్ను లోపలికి పిలిచింది. "ఉపసర్పంచి ఎన్నిక అయ్యేదాకా ఆగు పెద్దమ్మా. ఇప్పుడు నీళ్లు తగ్గిస్తే ఆయప్ప అటు దూకుతాడు." ఉపసర్పంచి అతనే అయ్యాడు. మళ్లీ పోయాను. "ఎండలు ముదిరినాయి, బర్రెలు సచ్చిపోతే మన మీదికొస్తాది," అంది. అప్పుడైనా నేను పుస్తకం ఆమె ముందు పడేసి రావచ్చు. పడేయలేదు. గెలిచాం గదా, మెల్లగా సరిచేద్దాం అనుకున్నాను.

ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఒక రైతు బోరు ఉంది. పట్టుకోనిస్తాడు గానీ, చేనికి మూడు ఫేజుల కరెంటు వచ్చేది పొద్దున తొమ్మిదికి. బడి గంట కొట్టేది కూడా అప్పుడే. తల్లి మిషన్ ఆపితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని పెద్దపిల్ల సైకిలుకు రెండు పక్కలా బిందెలు కట్టుకుని పోయేది. మా అంగన్వాడీలో నా ముందు కూర్చుని అంకెలు దిద్దిన పిల్ల. దారిలో ఎదురుపడి "బడికి పోలేదా?" అని ఒకసారి అడిగాను.

"సాయంత్రం చదువుకుంటా అవ్వా," అంది. నా మీద కోపం ఉన్నట్లు కూడా కనపడలేదు.

మార్చి ఆరు, శుక్రవారం, పది గంటల ప్రాంతంలో కల్వర్టు దగ్గర నిండు బిందెలతో సైకిలు పక్కకు ఒరిగింది. పిల్ల కుడిచేయి సైకిలు కింద పడింది. మణికట్టు పైన రెండు ఎముకలూ విరిగాయి. పదో తరగతి పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

మర్నాడు నీళ్ల రోజు. నేను ఎవరినీ అడగలేదు. ఎనిమిది బిందెలు నేనే పట్టించి ఆ తల్లి గుమ్మంలో పెట్టించాను. ఆమె రెండు లోపలికి తీసుకుంది. మిగిలిన ఆరింటినీ చూపించి అడిగింది. "ఈ ఆరూ యా ఓటుకక్కా?"

"పరీక్షకు వేరే పిల్లతో రాయించవచ్చు. నేను హెడ్మాస్టరుతో మాట్లాడతా."

"మాట్లాడినావులే."

సోమవారం కూడా రెండే తీసుకుంది. మంగళవారం తెల్లవారి అయిదు ఇరవై బస్సుకు నలుగురూ బెంగళూరు పోయారు. అక్కడ ఆమె తమ్ముడున్నాడు. చేయి అతుక్కున్నాక పెద్దపిల్లను బట్టల ఫ్యాక్టరీలో చేర్చారని విన్నాను. పరీక్ష ఆ తర్వాత కూడా రాయలేదు.

ఆ వారమే వంతుల పుస్తకం సర్పంచి ఇంట్లో ఇచ్చేశాను. ఇచ్చే ముందు లెక్క తేల్చాను.

పోలింగు ముగిసేదాకా ఆరు దఫాలు, దఫాకు ఆరు చొప్పున ముప్పై ఆరు బిందెలు. గెలిచిన తర్వాత తొమ్మిది దఫాలు, యాభై నాలుగు. మొత్తం తొంభై. ఇచ్చినా ఆమె తీసుకోనివి పన్నెండు. చేయి విరిగేనాటికి పిల్ల బడికి పోని రోజులు పద్నాలుగు. విరిగిన ఎముకలు రెండు. రాయని పరీక్ష ఒకటి. కాలనీలో తలలు నూట అరవై ఆరు ఉండేవి, ఇప్పుడు నూట అరవై రెండు. ఓట్లలో ఒక్కటీ తగ్గలేదు.