నూకాలత్త భోజనం అయ్యేదాకా

మా మేనత్త నూకాలమ్మ ఇక లేదు. కళింగపట్నం నుంచి ఆ దుర్వార్త అందేసరికి నేను శ్రీకాకుళంలో తరగతి గదిలో పాఠం చెబుతున్నాను. ఆమె వ్యాధికి మందు లేదని ఏనాడో తెలిసినా, పాఠం సగంలోనే ఆపి ఉన్నపళంగా ఊరికి బయలుదేరాను.

చేపల గంప మోసి ముగ్గురు తమ్ముళ్లను, ఆపైన మమ్మల్ని పెంచిన అన్నపూర్ణ ఆమె. తగువుకు వచ్చినవాణ్ని కూడా "ముందల తినీరా, తిట్టుకోడం తరవాత సూద్దుం" అని కూర్చోబెట్టేది.

అలాంటి మనిషికి కండరాలను క్రమంగా చచ్చుబరిచే ఏఎల్ఎస్ వచ్చింది. మాట ముద్దయింది. మెతుకు దిగక ఉక్కిరిబిక్కిరయ్యేది. చూస్తుండగానే రవికలు వదులయ్యాయి. మరీ బక్కచిక్కి ఊపిరి తగ్గకముందే తిండి నేరుగా పోసేందుకు పొట్టకు గొట్టం వేయించాలని, ఆలస్యమైతే ఒళ్లు తట్టుకోదని డాక్టరుగారు చెప్పారు. అత్త ససేమిరా అంది.

"పొట్టకి కన్నమెట్టి పోస్తారేటి? నానేటి కుండనా?"

ఎంత బతిమాలినా వినలేదు. చివరకు తానే డాక్టరును సూటిగా అడిగింది. "గొట్టమేస్తే రోగం పోద్దా బాబూ?"

"పోదమ్మా. ఒంట్లో సత్తువ ఉంటే ఇంకొన్నాళ్లు ఉంటావు. లేకపోతే జబ్బు కన్నా ముందు ఆకలే తీసుకుపోతుంది."

అత్తకు రోషం వచ్చింది. "రోగంతో సస్తే సావనీ. నూకాలు ఆకలితో సచ్చిందంటే మా వాడకెంత తలొంపు! ఏసీయండి."

గొట్టం వేశాక బరువు తగ్గడం ఆగింది, ముఖం తేరుకుంది. చాటుగా పోయించుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మాట పూర్తిగా పోయాక, నా చెల్లెలి పెళ్లిలో సైగ చేసి మరీ బంతిలో కూర్చుంది. మా అమ్మ పక్కన చేరి సిరంజి ఎత్తిపట్టి, వడగట్టిన జావ కొద్దికొద్దిగా పోస్తోంది. తొందరపడితే కక్కు వస్తుంది. బంతిలో అందరి భోజనమూ కానిదే లేవడం మర్యాద కాదు. కానీ అత్తది కూడా భోజనమేనని తోచక మగపెళ్లివారు లేవబోయారు. మా బాబాయి కేక వేశాడు.

"కూకోండి బావా! మా అప్ప తినడం అవ్వనేదు."

ఎంగిలి చేతులు ఎండిపోతున్నా బంతి బంతంతా కదల్లేదు. అత్త ఏమాత్రం బెదరక నిదానంగా తిన్నది. అవును, తిన్నది అనే అంటాను. ఆమె మేనల్లుణ్ని అయినందుకు ఆనాడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ తరవాత మా ఇళ్లలో ఏ బంతీ అత్త భోజనం అయ్యేదాకా లేవలేదు.

చివరకు ఊపిరి అలిసి వెళ్లిపోయింది. ఆకలి మాత్రం ఆమెను గెలవలేదు. ఆ మహాతల్లికి శతసహస్ర వందనాలు. ఆమె లేని లోటు ఎంతటిదో పెద్దదినం నాటి బంతిలో తెలిసివచ్చింది. అందరం తినేశాం. అయినా అలవాటు చొప్పున ఎవరమూ లేవలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. బాబాయి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంక కాయాల్సినోళ్లెవులూ నేరు. లెగండర్రా."